సముద్రం పక్క ఫ్లాట్‌లో వార్డ్‌రోబ్: ఎన్ని షీట్లు, ఏ హింజ్‌లు?

విశాఖ ఎంవీపీ కాలనీలో ఫ్లాట్, బీచ్ వైపు బయటి గోడ, 7 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు, 2 అడుగుల లోతు. ఏ ప్లై వాడాలి, ఎన్ని షీట్లు పడతాయి, తుప్పు సంగతేంటి? ఇదీ మీ ప్రశ్న.

ప్లై సంగతి తర్వాత, ముందు గోడ చూడండి. 2 అడుగుల పాలిథిన్ ముక్కని నాలుగు అంచులా టేపు వేసి అతికించి 2 రోజులు వదిలేయండి. గోడవైపు చెమ్మ పట్టిందంటే బయట పగుళ్లు పూడ్పించాకే కార్పెంటర్‌ని పిలవండి. పొడిగా ఉన్నా సరే, గోడకీ వార్డ్‌రోబ్ పెట్టెకీ మధ్య ఓ అంగుళం వదలండి. ఆనించి బిగిస్తే వెనక ప్లైకి బూజు పడుతుంది, ఆ వాసన పట్టుచీరలకి ఎక్కితే ఓ పట్టాన వదలదు.

పెట్టెకి ఐఎస్ 710 ముద్ర ఉన్న (తడికి తట్టుకునే మెరైన్ రకం) 18 ఎంఎం ప్లై, వెనక్కి 6 ఎంఎం. పార్టికల్ బోర్డు ఇక్కడి గాలికి పనికిరాదు. అంచు పట్టీ ఒక్కచోట లేచినా చెమ్మ తాగి ఉబ్బుతుంది, ఇక స్క్రూ పట్టదు.

8×4 షీట్ల లెక్క ఇదీ: రెండు పక్కలు, మధ్య రెండు పార్టిషన్లకి 2 షీట్లు, పైనా కిందా 1, 14 అంగుళాల తలుపులు ఆరింటికి 2, అరలకి 1. మొత్తం 6, వెనక్కి 6 ఎంఎంవి 2. సొరుగులు కావాలంటే అదనం. తలుపులకి లోపలివైపు కూడా లామినేట్ వేయించండి. ‘లోపల ఎవరు చూస్తారు’ అని పెయింటుతో సరిపెడితే తలుపు విల్లులా వంగుతుంది.

ఎక్కువమంది తప్పు చేసేది హింజ్‌ల దగ్గరే. 7 అడుగుల తలుపుకి 4 చొప్పున 24 కావాలి, కానీ అన్నీ ఒకే రకం కాదు. చివరి పక్కలకి బిగించే రెండు తలుపులకి ‘జీరో క్రాంక్’వి, అంటే చేతిలో వంపు లేని, పక్క చెక్క మందాన్ని తలుపు పూర్తిగా కప్పే రకం, 8 హింజ్‌లు. మధ్య పార్టిషన్‌కి రెండువైపులా తలుపులొస్తాయి కాబట్టి అక్కడ ‘8 క్రాంక్’వి, అంటే కాస్త వంపు ఉండి తలుపు సగం మందాన్నే కప్పే రకం, 16 హింజ్‌లు. అన్నీ జీరో తెస్తే పక్కపక్క తలుపులు ఒకదానిమీదొకటి ఎక్కుతాయి. అప్పుడు కార్పెంటర్ రంపం తీసి తలుపు కోస్తానంటాడు, ఒప్పుకోవద్దు. తుప్పు సంగతికొస్తే, హింజ్‌లూ స్క్రూలూ 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలువే కొనండి. హింజ్ మంచిది కొని ఉత్త ఇనుప స్క్రూ పెడితే ముందు దాని తలే ఎర్రబడుతుంది. లామినేట్ మెరుపులో కాస్త తగ్గినా ఇక్కడ మాత్రం పీనాసితనం వద్దు.

కింద 4 అంగుళాల పీఠం ఉంటే తడిగుడ్డ పెట్టినప్పుడు నీళ్లు పెట్టెకి తగలవు. అడుగుభాగానికీ కోసిన అంచులకీ ప్రైమర్ పూయించండి. తలుపులు బిగించకముందే రసమట్టం పెట్టి చూడండి. మన ఫ్లాట్లలో నేల ఎంతోకొంత వాలుగానే ఉంటుంది. పీఠం కింద చెక్కలు పెట్టి సరిచేయాల్సిన వాలుని హింజ్ స్క్రూలు తిప్పి సరిచేద్దామంటే కుదరదు, నెలకే తలుపులు మళ్లీ ఎగుడుదిగుడవుతాయి.

చొక్కాల రాడ్ కింద 40 అంగుళాలు ఖాళీ వదిలితే చాలు. పొడవు డ్రెస్సులకి 60 కావాలి.