బిడ్డ పాజిట్రాన్ల మీద పీహెచ్‌డీ చేస్తా అంటుంది, పంపాలా వద్దా?

దేవరకొండ నుంచి ఒకన్న అడిగిండు. బిడ్డ ఎమ్మెస్సీ ఫిజిక్స్ అయిపోయిందంట, సన్న రంధ్రాల గాజు, వెలుగునిచ్చే మెటీరియల్స్ మీద పాజిట్రాన్లతో (ఎలక్ట్రాన్ లాంటి కణాలే, కాకపోతే పాజిటివ్ చార్జి ఉంటది) పీహెచ్‌డీ చేస్తా అంటుందంట, రేడియేషన్ అంటున్నరు, రేపు ఉద్యోగం వస్తదా అని.

అన్నా, ముందు భయం సంగతి. లంబాపూర్, పెద్దగట్టు యురేనియం లొల్లి చూసినోళ్ళం, రేడియేషన్ మాట వింటే మనకు గుండె జల్లుమంటది. కానీ ఇక్కడ వాడేది పాజిట్రాన్లను వదిలే రేడియోధార్మిక సోడియం-22, సన్నటి రేకు మీద ఎండబెట్టిన చుక్కంత సోర్సు, దాన్ని రెండు శాంపిల్ ముక్కల నడుమ పెడ్తరు. ఛాతికి టీఎల్‌డీ అనే రేడియేషన్ కొలిచే బ్యాడ్జి ఉంటది, ఎంత డోసు తగిలిందో రికార్డయితది. బ్యాడ్జి ఇయ్యని ల్యాబ్ అయితే మాత్రం అడుగు పెట్టనియ్యకండి.

ఇగ పని ఏందంటే, సోర్సుకెళ్ళి పాజిట్రాన్ బయటికొచ్చినప్పుడే 1275 కెఈవీ (శక్తిని కొలిచే యూనిటు) గామా కిరణం ఒకటి వస్తది, అది పుట్టిన గడియ, ఎలక్ట్రాన్ తగిలి రెండూ మాయమైనప్పుడు 511 కెఈవీ గామాలొస్తయి, అది పోయిన గడియ, ఈ రెండిటి నడుమ టైము కొలుసుడే. గాజు లోపల రంధ్రం దొరికితే పాజిట్రాన్ ఎలక్ట్రాన్‌తో జతగట్టి పాజిట్రోనియం అయితది, అండ్ల ఆర్థో అనే ఎక్కువసేపు ఉండే రకం ఏమీ లేని ఖాళీ జాగల 142 నానోసెకన్లు (సెకనుల వంద కోట్ల వంతు ఒక నానోసెకను) బతుకుతది, రంధ్రం ఎంత ఇరుకైతే గోడలకు అంత ఎక్కువ తగిలి అంత జల్ది పోతది. ఆ టైమును బట్టే రంధ్రం సైజు లెక్కగడ్తరు, గాజును పగలగొట్టేది లేదు. వెలుగునిచ్చే మెటీరియల్స్‌ల అయితే పరమాణువు ఊడిపోయిన ఖాళీల్లో పాజిట్రాన్ చిక్కుకుంటది, వెలుగు తగ్గడానికో నిలిచి ఉండడానికో ఆ ఖాళీలే కారణమా అని దీంతోని పట్టుకోవచ్చు. నాకైతే మంచి సబ్జెక్టే అనిపిస్తది.

కానీ చేరేముందు బిడ్డను గైడుతో ఒక్క మాట అడగమనండి, సార్ సోర్సు ఎప్పుడు కొన్నరు అని. సోడియం-22 సగం కావడానికి 2.6 ఏండ్లే, అంటే ఐదేండ్ల పీహెచ్‌డీ అయ్యేసరికి పావు వంతు మిగులుతది, ఇయ్యాల మూడు గంటల్ల వచ్చే రీడింగుకు అప్పుడు దాదాపు పన్నెండు గంటలు కూసోవాలె. కొత్త సోర్సుకు పైసలున్నయా లేవా అన్నది టాపిక్ కన్న ముఖ్యం, ఇది ఏ బ్రోచర్ల రాయరు.

పైసలంటే, సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్ష రాసి జేఆర్‌ఎఫ్ (రీసెర్చి ఫెలోషిప్) కొట్టినాకనే చేరమనండి, నెలకు 37,000 వస్తది. అది లేకుండ ఇంట్ల పైసలు పెట్టి చేయించకండి, నా మాట కటువుగ ఉన్నా సరే.

ఉద్యోగమంటరా, పాజిట్రాన్ అని బోర్డు పెట్టి పిలిచేటోళ్ళు లేరు. డిటెక్టర్లు నడుపుడు, డేటా ఫిట్టింగు, గాజు తయారుజేసుడు చేతికొస్తది, ముంబైల బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం), తమిళనాడుల కల్పాక్కం అణు కేంద్రం దిక్కు గాని కాలేజీల్లో గాని అప్లై చేసుకోవచ్చు. దవాఖానల క్యాన్సర్ లాంటివి చూసే పెట్ స్కాన్‌ల పట్టేది గూడ ఇదే 511 గామా. దవాఖాన లైను నచ్చితే పీహెచ్‌డీ బదులు బార్క్ వాళ్ళ డిప్లొమా ఇన్ రేడియలాజికల్ ఫిజిక్స్ ఉంది, ఏడాది కోర్సు, రేడియోథెరపీ దిక్కు పోవచ్చు. బిడ్డ ఎమ్మెస్సీ మార్కులెన్నో రాయండి, అప్పుడు ఏ పరీక్ష ముందు రాయాల్నో చెప్తా.