అమ్మలూ, కాలేజీ సంగతి తర్వాత చూద్దాం

చి. అమ్మలుకి, మావయ్య ఆశీస్సులు.

నువ్వు కేంబ్రిడ్జ్‌కి అప్లై చేద్దామనుకుంటున్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. అక్కడ ఏ కాలేజీ మంచిదో కనుక్కోమన్నావట. అక్కడ 31 కాలేజీలున్నాయి. ఎందులో చేరినా ఒక సబ్జెక్టు వాళ్లందరూ వెళ్లేది ఒకే డిపార్ట్‌మెంట్‌కి, వినేది అవే లెక్చర్లు, రాసేది అవే పరీక్షలు. సీటు ఇవ్వాలా వద్దా తేల్చేది కాలేజీయే, గదీ భోజనమూ చూసుకునేదీ అదే. కానీ మూడు నాలుగేళ్లు నువ్వు పొద్దున లేచి ఏం చదవాలో తేల్చేది కోర్సు. ముందు దాని గురించి ఆలోచించు.

మన దగ్గర ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) ర్యాంకు వచ్చాక బ్రాంచి చూసుకుంటాం. సీఎస్ఈ రాకపోతే ఈసీఈ. అక్కడ అలా కుదరదు. అప్లికేషన్‌లోనే కోర్సు పేరు రాయాలి, అదీ ఒక్కటే. అదే ఏడాది ఆక్స్‌ఫర్డ్‌కి కూడా పెట్టడానికి లేదు.

నువ్వు ఫిజిక్స్ అంటున్నావు కదా, ఆ పేరుతో విడిగా డిగ్రీ కోర్సు అక్కడ లేదు. నేచురల్ సైన్సెస్‌లో చేరాలి. మొదటి ఏడాది మూడు సైన్సులు, వాటితోపాటు లెక్కలు. ఫిజిక్స్, కెమిస్ట్రీ తీసుకున్నా మూడోది ఇంకోటి వెతుక్కోవాలి: మెటీరియల్స్ సైన్సో, ఎర్త్ సైన్సెసో, కణాల బయాలజీయో. ఇది భారం అనుకోకు. కెమిస్ట్రీ కోసం వచ్చి రాళ్ల మీద మనసు పారేసుకుని ఎర్త్ సైన్సెస్‌లో తేలినవాళ్లను నేను చూశాను. పదిహేడేళ్లకే మనకేం ఇష్టమో పూర్తిగా తెలిసిపోదని ఒప్పుకునే చదువు అది. నాకు అందులో బాగా నచ్చింది అదే.

బావకి ఇంజనీరింగ్ మీద ఆశ ఉందని తెలుసు. అక్కడ ఇంజనీరింగ్‌లో మొదటి రెండేళ్లూ అందరూ అన్నీ చదవాలి. మెకానిక్స్, స్ట్రక్చర్లు, ఎలక్ట్రికల్, లెక్కలు, ఏదీ వదలరు. ఏ విభాగం అనేది మూడో ఏట తేలుతుంది. కంప్యూటర్ సైన్స్ మాత్రం పూర్తిగా వేరే కోర్సు, వేరే డిపార్ట్‌మెంట్. ఈ తేడా బావకి నువ్వే కూర్చోబెట్టి చెప్పు.

ఇక సూపర్విజన్ల గురించి, అంటే లెక్చర్లు కాక ఒకరిద్దరు పిల్లల్ని కూర్చోబెట్టి చెప్పే చిన్న క్లాసులు. నేను అక్కడ పీహెచ్‌డీ చేసేటప్పుడు కొన్నాళ్లు వాటిని చెప్పాను. చిన్న గది, ఎదురుగా ఇద్దరు పిల్లలు, గంట సేపు. ముందురోజే వాళ్లు లెక్కలు చేసి ఇస్తారు, నేను దిద్ది తెస్తాను. ఒకసారి మన వైపు కుర్రాడొకడు అన్ని లెక్కలూ తప్పు లేకుండా చేసుకొచ్చాడు. మూడో లెక్కలో ఒక లైను మీద పెన్ను పెట్టి, ఇక్కడ ఈ టర్మ్‌ని ఎందుకు వదిలేశావని అడిగాను. ఫార్ములా అంతే కదా సార్ అన్నాడు. అరగంట ఆ ఒక్క లైను మీదే గడిచింది. కాగితం మీద వాడి చెయ్యి వణుకుతోంది, పాపం. తెలివిలో వాడికేం తక్కువ లేదు, ఎందుకు అని అంతవరకు వాణ్ణి అడిగినవాళ్లు లేరు, అంతే. సీటు ఇచ్చే ముందు చేసే ఇంటర్వ్యూ కూడా దాదాపు ఇలాగే ఉంటుంది. కాబట్టి ఇప్పట్నుంచే రోజుకి ఒక్క లెక్క చేసి, ప్రతి లైనూ అక్కకి వివరించు. అక్కకి ఫిజిక్స్ రాకపోవడమే మేలు.

అప్లికేషన్‌కి గడువు అక్టోబర్ 15. సైన్స్, ఇంజనీరింగ్ కోర్సులకి ఇసాట్ అనే పరీక్ష ఉంది, దానికి విడిగా, ముందే రిజిస్టర్ చేసుకోవాలి. డబ్బు ఎక్కువే అవుతుంది, డిగ్రీ స్థాయిలో స్కాలర్‌షిప్పులు తక్కువ. ఆ లెక్క ఇంట్లో ఇప్పుడే తేల్చుకోండి, సీటొచ్చాక టెన్షన్ పడొద్దు.

కాలేజీ పేరు నన్నే చెప్పమంటే సెయింట్ జాన్స్ అంటాను. మన కట్టమంచి రామలింగారెడ్డి గారు అక్కడే చదివి వచ్చి, 1926లో ఆంధ్రా యూనివర్సిటీకి మొదటి వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఆ గేటు దాటినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొచ్చేవారు. అది నా అభిమానం, నువ్వు దాన్ని బట్టి ఎంచుకోవాల్సిన పని లేదు.

నేచురల్ సైన్సెస్, ఇంజనీరింగ్ రెండింటి మొదటి ఏడాది సిలబస్‌లూ ప్రింటు తీసి పెట్టుకో. ఏ అంశం చూస్తే చదవాలనిపిస్తుందో పెన్సిల్‌తో గీతలు పెట్టు. ఆదివారం సాయంత్రం ఫోన్ చేస్తాను, ఆ గీతలు నాకు చదివి వినిపించు.

మీ మావయ్య