జేజినాయన రైఫిలుకు బ్యారెల్ మార్చాలనుకుంటున్న మనవడికి

చిరంజీవి మనవడికి, కర్నూలు నుంచి మీ పెద్దజేజినాయన ఆశీర్వదించి వ్రాయునది.

మీ జేజినాయన రైఫిలు లైసెన్సు నీ పేరుకు మారిందని, ఆ 7 మిల్లీమీటర్ల తూటాలు ఎక్కడా దొరకనందున బ్యారెల్ మార్చి దాన్ని .315 తూటా కాల్చేదిగా చేసుకోవాలని నీవు అనుకుంటున్నావని, ఆదోనిలోని నీ లేతు షాపులోనే ఆ పని మొదలుపెట్టబోతున్నావని మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. మా నాయన కొన్న వస్తువు తుప్పు పట్టి మూలన పడి ఉండకూడదని నాలుగో తరంలో ఒకడైనా తలచినందుకు నా గుండె నిండింది. కానీ రాత్రంతా నిద్ర పట్టలేదు, తెల్లవారుజామున లేచి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొదట చట్టం సంగతి. తుపాకీ ఉంచుకునే లైసెన్సు వేరు, తుపాకీని మార్చే లైసెన్సు వేరు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం రెండోది లేనివాడు ఆ పనికి చేయి పెట్టకూడదు. 2019లో చట్టాన్ని సవరించిన తరువాత ఆ నేరానికి కనీస శిక్షే ఏడేళ్లు, గరిష్ఠ శిక్ష యావజ్జీవం. పైగా నీ లైసెన్సు పుస్తకంలో రైఫిలు నంబరుతో పాటు దాని బోరు, అంటే గొట్టం లోపలి కొలత, కూడా రాసి ఉంటుంది. కలెక్టరు కార్యాలయం నుంచి అనుమతి రాకముందే బ్యారెల్ మారితే, ఎంత నిజాయితీపరుడివైనా నీ చేతిలో ఉన్నది లైసెన్సు లేని ఆయుధమే అవుతుంది. .303 తూటా మాట మనసులోకి కూడా రానీయకు, అది నిషిద్ధ బోరు. సైన్యం వాడే తూటా ప్రజల చేతికి పోకూడదని తెల్లదొరల కాలంలో పెట్టిన కట్టడి అది, .315 మన దేశంలో ఇంతగా వ్యాపించింది కూడా అందువల్లనే.

ఇక పని సంగతి. మీ జేజినాయన రైఫిలు మౌజర్, దాని తూటా 7×57, అంటే 7 మిల్లీమీటర్లది, ఇత్తడి గొట్టం పొడవు 57 మిల్లీమీటర్లు. ఆ తూటా అడుగున, ఖాళీ తూటాను బయటికి లాగే కొక్కెమైన ఎక్స్‌ట్రాక్టరు పట్టుకోవడానికి చుట్టూ గాడి ఉంటుంది, అంచు బయటికి పొడుచుకు రాదు. .315 తూటాకు అంచు బయటికి ఉంటుంది. తూటా వెనుక మూసే బోల్టు ముఖం, ఎక్స్‌ట్రాక్టరు, మ్యాగజైను మూడూ గాడి తూటా కోసమే చేసినవి కాబట్టి, బ్యారెల్ ఒక్కటి మార్చినంత మాత్రాన ఆ రైఫిలు .315 కాదు. దానికి అంత ఉలి దెబ్బ అక్కరలేదని నా అభిప్రాయం. మార్చక తప్పదంటే అదే అడుగు కొలత ఉన్న .30-06 తూటా గురించి ఆలోచించవచ్చు గాని, ఆ తూటా పొడవు ఎక్కువ. దాని కోసం మ్యాగజైను ముందు భాగాన్ని అరగదీస్తే, బోల్టును బిగించి పట్టే కింది చెవికి ఆనుకునే ఉక్కు పలచబడుతుంది. ఆ ఉక్కే కాల్చేవాడి ముఖాన్ని కాపాడేది.

ఇప్పుడు ఇంతవరకు ఇంట్లో ఎవరికీ పూర్తిగా చెప్పని మాట చెబుతాను. మీ జేజినాయన ఎడమ కంటికి వయసులో ఉండగా తుమ్మముల్లు గుచ్చుకుందని నీవు విని ఉంటావు. అది ముల్లు కాదు, నా తప్పు.

1979లో నేను కర్నూలులో లైసెన్సు ఉన్న ఒక తుపాకుల మరమ్మతు దుకాణంలో పనివాడిని. ఒక రైతు తన 8 మిల్లీమీటర్ల మౌజర్ తెచ్చాడు, దాని బ్యారెల్ లోపల గుంతలు పడి ఉంది. యజమాని ఊళ్లో లేడు. దుకాణంలో మరో పాత మౌజర్ నుంచి తీసిన 7 మిల్లీమీటర్ల బ్యారెల్ ఉంటే, మరలు సరిగ్గా కలిశాయి కదా అని నేనే బిగించాను. తూటా వెనుక ఖాళీ కొలిచే గేజీలు లేవు. ఒక తూటా పెట్టి బోల్టు మూశాను. వెన్నలా మూసుకుంది. మూసుకుంది కాబట్టి కొలత సరిపోయిందనుకున్నాను. తూటా వెనుక ఖాళీ ఎక్కువగా ఉన్నా బోల్టు అంతే హాయిగా మూసుకుంటుందని అప్పటికి నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ ఎవరినీ అడగలేదు.

బేతంచెర్ల దగ్గర నాపరాళ్ల గనిలో పరీక్షకు పోయాం, నా తమ్ముడు, అదే మీ జేజినాయన, కూడా వచ్చాడు. మొదటి రెండు తూటాలూ రైఫిలును లారీ టైరుకు కట్టి, దూరం నుంచి తాడు లాగి కాల్చాను. ఖాళీ తూటాలు చేతిలోకి తీసుకుని చూస్తే, అడుగుకు కొంచెం పైన ఇత్తడి చుట్టూ సన్నని మెరుపు గీత కనిపించింది, గోటితో తడిమితే తగిలింది. పేలినప్పుడు తూటా ముందు భాగం తూటా కూర్చునే ఛాంబరు గోడకు అతుక్కుని, వెనుక భాగం ఖాళీ ఉన్నంత మేర బోల్టు మీదికి సాగినందువల్ల అక్కడ ఇత్తడి పలచబడి వచ్చిన గీత అది. నేను చూశాను. చూసి, అరుగుదల గీతలే అనుకుని జేబులో వేసుకున్నాను. మూడో తూటా తానే కాలుస్తానని తమ్ముడు భుజానికి ఎత్తుకున్నాడు, నేను సరేనన్నాను. ఆ తూటా పాత పెట్టెలోది. ఇత్తడి ఆ గీత దగ్గరే తెగి, మంటతో కూడిన గాలి బోల్టు పక్కనుంచి వెనక్కు కొట్టింది. బోల్టు చెవులు నిలబట్టి ప్రాణం దక్కింది, కన్ను దక్కలేదు. వాడికి అప్పటికి ఇరవై ఏళ్లు. ఆసుపత్రిలో "అమ్మకు ముల్లని చెబుదాం అన్నా" అన్నది వాడే. బతికినన్నాళ్లూ నన్ను ఒక్క మాట అనలేదు, అనకపోవడమే నాకు ఈనాటికీ బరువు.

అందుకే నీకు గట్టిగా చెబుతున్నాను, విసుక్కోకు. నీ చేతిలో పనితనం ఉంది, మైక్రోమీటరు పట్టుకునే తీరు నేను చూశాను. కానీ లేతు తెలిసినంత మాత్రాన తుపాకీ తెలిసినట్టు కాదు. హెడ్‌స్పేస్ అంటే తూటా వెనుక ఉండే ఆ ఖాళీ, దాన్ని కొలవడానికి రెండు గేజీలుంటాయి. ఒకదానిపై బోల్టు మూసుకోవాలి, రెండోదానిపై మూసుకోకూడదు. రెండింటి మధ్య తేడా మిల్లీమీటరులో ఐదో వంతు కూడా ఉండదు. మూసుకోకూడని గేజీ లేనివాడు, వాడు ఎంత పేరున్నవాడైనా సరే, నీ బ్యారెల్ బిగించకూడదు. బోల్టు తీసి చూడు. ముందు రెండు చెవులు, వెనుక పిడి దగ్గర మూడోది ఉంటే అది 1898 నమూనా. రెండే ఉంటే అంతకు ముందుది. అలాంటిదైతే ఎక్కువ ఒత్తిడి తూటాల మాట వదిలేసి, దాన్ని 7 మిల్లీమీటర్లలోనే ఉండనీ. అయినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత అడవిలో దానికి పని లేదు. ఏడాదికి ఇరవై తూటాలు లక్ష్యానికి కాల్చుకోవడానికి ఓపికగా వెతికితే 7 మిల్లీమీటర్లవే దొరకవచ్చు.

బ్యారెల్‌పై వేసిన పరీక్ష ముద్రలను అరగదీయకు. కాల్చేటప్పుడు కళ్లద్దాలు లేకుండా ఉండకు, పక్కన నిలబడినవాడికి కూడా పెట్టు.

ఆదివారం లైసెన్సు పుస్తకం మాత్రం తీసుకుని కర్నూలుకు రా. రైఫిలు తాళంలోనే ఉండనీ. అనుమతి కోసం పెట్టుకోవలసిన అర్జీ ఇద్దరం కూర్చుని రాద్దాం. ఆ మూడో తూటా రెండు ముక్కలూ నా బీరువాలో ఉన్నాయి. కిటికీ దగ్గర వెలుతురులో చూపిస్తాను. మీ జేజి కొర్రన్నం, ఊరిబిండి చేస్తానంటోంది, పొద్దున్నే బయలుదేరు.

మీ పెద్దజేజినాయన