థైరాయిడ్ ‘వచ్చింది’ సరే, ‘పెరిగింది’ అంటేనే చిక్కు

సందేహం: నాకు థైరాయిడ్ వచ్చిందని ఫోన్లో మా అక్కకి చెప్తుంటే ఇంటర్ బైపీసీ చదివే మా అమ్మాయి అడ్డుకుంది. “అమ్మా, థైరాయిడ్ అందరికీ ఉంటుంది, కొత్తగా రావడమేంటి, ఆ తెలుగే తప్పు” అంటోంది. నిజంగా తప్పేనా? ఇంకోటి, దాని పుస్తకంలో గ్రంథి అని ఉంది, కాలేజీ చార్టు మీద గ్రంధి అని ఉంది, ఏది రైటు? వినాళ గ్రంథి, అవటు గ్రంథి, పీయూష గ్రంథి అంటే అర్థం ఏంటో కూడా కాస్త చెప్పండి. – గాజువాక నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీరన్నది తప్పు కాదు. మీ అమ్మాయి చెప్పిన సైన్సూ తప్పు కాదు, కాకపోతే ఆ సైన్సుతో ఈ వాక్యాన్ని కొట్టేయలేం. బీపీ వచ్చింది అంటాం, రక్తపోటు లేని మనిషి బతకనే బతకడు కదా. షుగర్ వచ్చింది అంటాం, రక్తంలో గ్లూకోజు లేకపోతే మెదడు ఒక్క పూట కూడా పనిచెయ్యదు. ఆమెకి కడుపొచ్చింది అంటే అంతకుముందు కడుపు లేదని ఎవరూ అనుకోరు. ఒక పేరు చెప్పి దానితో ముడిపడి ఉన్న ఇంకో సంగతిని తెలియజెయ్యడం మన భాషకి పుట్టుకతో వచ్చిన అలవాటు, అలంకారశాస్త్రం వాళ్ళు దీన్నే లక్షణ అన్నారు, గంగలో పల్లె ఉంది అంటే గంగ ఒడ్డున అని అర్థం చేసుకోవాలి అని వాళ్ళు చెప్పే ఉదాహరణ. ఆదివారం సాయంత్రం విశాఖంతా బీచ్ రోడ్డు మీదే ఉంది అంటే మనకి ఇట్టే అర్థమైపోతుంది కదా, ఇదీ అంతే. థైరాయిడ్ వచ్చింది అంటే థైరాయిడ్ తేడా చేసింది అని. హాయిగా అనండి.

కానీ నేను గట్టిగా అడ్డుచెప్పే మాట ఇంకోటి ఉంది. మొన్నొక ఉదయం మహారాణిపేటలో ఒక ల్యాబ్ బయట పరగడుపున రక్తం ఇవ్వడానికి కూర్చున్నా, పక్కన ఇద్దరు ఆడవాళ్ళు రిపోర్టు కాగితం పట్టుకుని మాట్లాడుకుంటున్నారు. “నాకు థైరాయిడ్ బాగా పెరిగిపోయింది వదినా, పన్నెండు వచ్చింది, తగ్గడానికి రోజూ మాత్ర ఏసుకోమన్నారు” అంటోంది ఒకావిడ. ఆ కాగితం మీద పన్నెండు అని ఉన్నది టీఎస్‌హెచ్ ఎదురుగా. అది సాధారణంగా 0.4 నుంచి 4 మధ్యలో ఉంటుంది, ల్యాబుని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది. సరే, పెరిగింది నిజమే, కానీ పెరిగింది థైరాయిడ్ కాదండి!

టీఎస్‌హెచ్‌ని థైరాయిడ్ తయారుచెయ్యదు, అది మెదడు కింద ఉండే పీయూష గ్రంథి నుంచి వస్తుంది, థైరాయిడ్‌కి “పని చెయ్యి” అని చెప్పే హార్మోన్ అది. వీధిలో క్రికెట్ ఆడుతున్న పిల్లాడిని అమ్మ అన్నానికి పిలుస్తుంది అనుకోండి. మొదటి పిలుపుకే వస్తే ఆవిడ గొంతు పెంచదు, రాకపోతే కేక పెరుగుతుంది, ఇంకా రాకపోతే వీధి చివరిదాకా వినిపిస్తుంది. కేక పెరిగిందంటే పిల్లాడు వచ్చాడని కాదు, రాలేదని. టీఎస్‌హెచ్ ఆ కేక. థైరాయిడ్ నుంచి రావలసిన థైరాక్సిన్ రక్తంలో తగ్గేకొద్దీ పీయూష గ్రంథి కేక పెంచుతుంది, థైరాక్సిన్ సరిపడా ఉంటే గొంతు తగ్గించుకుంటుంది. కాబట్టి ఆవిడకి థైరాయిడ్ తగ్గింది, పెరగలేదు. ఆవిడ వేసుకునే మాత్ర కూడా దేన్నో తగ్గించే మందు కాదు, ఒంట్లో చాలకుండా పోయిన థైరాక్సిన్‌నే బయటినుంచి అందిస్తున్నారు.

మాటలో ఇంత తేడా వస్తే ఏమవుతుందంటే, థైరాయిడ్ నిజంగా పెరిగే జబ్బు వేరే ఉంది, అందులో మనిషి చిక్కిపోతాడు, గుండె దడ, చెమటలు, చేతులు వణకడం, తగ్గితే అంతా దీనికి తిరగేసి, ఒళ్ళు రావడం, బద్ధకం, చలికి తట్టుకోలేకపోవడం. రెండిటికీ మందులు వేరు. ఊరు మారి కొత్త డాక్టరు దగ్గరికి వెళ్ళి కాగితం లేకుండా “నాకు థైరాయిడ్ పెరిగిందండి” అంటే ఆయన సరిగ్గా ఉల్టా అర్థం చేసుకునే అవకాశం ఉంది. తగ్గితే హైపో, పెరిగితే హైపర్ అనే ఇంగ్లీషు మాటలు చెప్పమంటే మనవాళ్ళ నోట రెండూ ఒకేలా పలుకుతాయి. నాకు తోచింది చెప్తాను, తెలుగులో మందగించడం అనే చక్కటి మాట ఉంది, చూపు మందగించింది, ఆకలి మందగించింది అంటాం కదా, అలాగే థైరాయిడ్ మందగించింది అంటే తగ్గింది అని ఎవరికైనా తెలుస్తుంది. ఎక్కువైతే థైరాయిడ్ జోరెక్కింది అనొచ్చు. షుగర్ విషయంలో ఈ చిక్కు రాలేదు, ఎందుకంటే అక్కడ కొలిచేది గ్లూకోజునే, అందుకే షుగర్ పెరిగింది, షుగర్ పడిపోయింది అని మనవాళ్ళు ఏ ఇబ్బందీ లేకుండా సరిగ్గా అంటున్నారు.

ఇక గ్రంథి. థ రాయాలి, పొట్టలో చుక్క ఉన్న థ. గ్రంథి అంటే సంస్కృతంలో ముడి, ఉండలా ముడిపడినది, అదే ధాతువు నుంచి గ్రంథం వచ్చింది, తాటాకుల్ని తాడుతో కూర్చి కట్టేవాళ్ళు కదా. గ్రంథాలయంలోనూ ఇదే థ. ఇంగ్లీషు అక్షరాల్లో డీహెచ్ పెట్టి రాసీ రాసీ మళ్ళీ దాన్ని చూసి తెలుగులో ధ రాస్తున్నారేమో అని నా అనుమానం. చార్టు దిద్దించండి, పిల్లలు అదే నేర్చుకుంటారు.

వినాళలో ‘వి’ని విశేషమైన అని చదివి ప్రత్యేకమైన నాళం ఉన్న గ్రంథి అని చెప్పే మాస్టార్లని చూశాను. కాదు. విఫలం, విమల అన్నప్పటి ‘వి’ ఇది, లేని అని అర్థం, అంటే నాళం లేనిది. లాలాజల గ్రంథికీ చెమట గ్రంథికీ గొట్టం ఉంటుంది, ఊరింది ఆ గొట్టంలోంచి ఒక చోటికి చేరుతుంది. థైరాయిడ్ లాంటి వినాళ గ్రంథులకి గొట్టం లేదు కాబట్టి ఊరిన హార్మోన్‌ని నేరుగా రక్తంలో కలిపేస్తాయి, రక్తం ఒళ్ళంతా తిరుగుతుంది కాబట్టి హార్మోన్ కూడా ఒళ్ళంతా తిరుగుతుంది, కానీ దాన్ని పట్టుకునే గ్రాహకం ఉన్న కణం మాత్రమే స్పందిస్తుంది. ఆకాశవాణి విశాఖ కేంద్రం ప్రసారం ఊరంతా వెళ్తున్నా ఆ స్టేషన్‌కి తిప్పుకున్న రేడియోలోనే వినిపించినట్టు. క్లోమం రెండు పనులూ చేస్తుంది, జీర్ణరసాన్ని నాళం ద్వారా పేగులోకి పంపిస్తుంది, ఇన్సులిన్‌ని రక్తంలోకి వదులుతుంది. హార్మోన్ అనే మాట 1905లో లండన్‌లో స్టార్లింగ్ అనే శాస్త్రవేత్త తన ఉపన్యాసాల్లో వాడాడు, గ్రీకులో కదిలించు, పురికొల్పు అని అర్థమొచ్చే మాట నుంచి. మనకి ఇప్పుడది తెలుగు మాటే, మార్చక్కర్లేదు, హార్మోన్లు అన్నా హార్మోనులు అన్నా సరే.

అవటు అంటే థైరాయిడ్‌కి పుస్తకాల్లో పెట్టిన పేరు, నాకు ఆ పేరు మీద కొంచెం అసంతృప్తి ఉంది. పాత సంస్కృత నిఘంటువు అమరకోశంలో అవటువు, ఘాట, కృకాటిక అని మూడు పేర్లు ఒకచోట ఉంటాయి, మూడూ మెడ వెనక భాగానికి. థైరాయిడ్ ఉండేది మెడ ముందు, గొంతు దగ్గర, సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్టు! థైరాయిడ్ అనే మాటకి గ్రీకులో డాలు లాంటిది అని అర్థం, 1656లో థామస్ వార్టన్ అనే ఇంగ్లీషు వైద్యుడు ఆ పేరు పెట్టాడు. పరీక్షలో అవటు అని రాయక తప్పదు గానీ ఇంట్లో థైరాయిడ్ అనడమే మేలు.

పీయూష మాత్రం నాకు ఎంతో ఇష్టమైన మాట. ఇంగ్లీషులో పిట్యూటరీ అంటే లాటిన్ కఫం నుంచి వచ్చింది, మెదడులోంచి ముక్కులోకి కఫం దిగే చోటు అదే అని పాతకాలం వాళ్ళు అనుకున్నారు. బఠాణీ గింజంత ఉండి థైరాయిడ్‌కీ మూత్రపిండం మీదుండే అధివృక్కానికీ అండాశయానికీ ఆజ్ఞలు పంపే ఆ గ్రంథికి అది సరిపోయే పేరు కాదు. మన పీయూషానికి అమృతం అని ఒక అర్థం, ఇంకో అర్థం అదే అమరకోశంలో ఉంది, ఈనిన ఆవు తొలి పాలు. మన జున్నుపాలండి. తల్లిలో పాలు తయారు చేయించే ప్రొలాక్టిన్ వచ్చేది ఈ గ్రంథి నుంచే, ఆ పాలని బయటికి వదిలించే ఆక్సిటోసిన్ రక్తంలోకి విడుదలయ్యేదీ ఇక్కడినుంచే.

దీనికి మన పల్లెల్లో మాట ఎప్పటినుంచో ఉంది. దూడ వచ్చి పొదుగుని కుమ్మి రెండు గుక్కలు లాగగానే పొదుగు బిగుసుకుని చన్నుల్లోకి పాలు దిగుతాయి చూడండి, దాన్ని ఆవు చేపింది అంటారు, మన ఉత్తరాంధ్ర వైపు నోట సేపింది అని వినిపిస్తుంది. దూడ మూతి తగిలిన కబురు నరాల మీదుగా మెదడుకి వెళ్ళి, పీయూష గ్రంథి నుంచి ఆక్సిటోసిన్ రక్తంలోకి వచ్చి, పొదుగు చేరి అక్కడి చిన్న చిన్న కండరాల్ని పిండడం, ఇదంతా నిమిషం అటూ ఇటూలో జరిగిపోతుంది. కొత్తమనిషి దగ్గరికెళ్తేనో కుక్క మొరిగితేనో గేదె బెదిరి చేపదు, ఎందుకంటే భయానికి ఊరే అడ్రినలిన్ ఈ పనిని అడ్డుకుంటుంది. బిడ్డ ఏడుపు వినగానే తల్లికి పాలు చేపినా కథ ఇదే. పాఠ్యపుస్తకాల్లో దీనికి క్షీరోత్సర్గం లాంటి పెద్ద పెద్ద సమాసాలు వేస్తే పిల్లలు నోరు తిరగక బట్టీ పడతారు, చేపు అని ఒక్క మాట వేస్తే పశువులున్న ఇంటి పిల్లలకి మాస్టారు చెప్పకముందే సగం తెలిసిపోతుంది. మీ అమ్మాయిని నోట్సులో ఆక్సిటోసిన్ పక్కన ‘పాలు చేపించే హార్మోన్’ అని రాసుకోమనండి.