గ్రూప్ యాక్టివిటీలతో చదువు వెనకబడుతుందా? మా పానగల్లు అనుభవం

"మా బాబు ఏడో తరగతి. బడిలో ఎప్పుడు చూసినా గ్రూప్ యాక్టివిటీ, ప్రాజెక్టు అంటున్నారు. చదువు వెనకబడదా?" అని అడిగారు. నేను నల్లగొండ దగ్గర ఒక సర్కారు బడిలో లెక్కలు చెప్తాను. మీ అనుమానంలో సగం నిజమే.

ప్రాజెక్టుకు మార్కులుంటాయి కాబట్టి చాలాచోట్ల జరిగేది ఇదే: పిల్లవాడు నెట్ సెంటర్‌కు పోతాడు, ప్రింట్ తెస్తాడు, చార్టుకు అతికిస్తాడు. గ్రూపులో ఒకమ్మాయి రాస్తుంది, మిగతా ఏడుగురు స్కెచ్ పెన్నులు పట్టుకుని నిలబడతారు. మొదట్లో నేనూ అలాగే చేయించాను.

నా లెక్క మారింది ఛాయా సోమేశ్వరాలయం దగ్గర. పానగల్లులోని ఈ త్రికూటాలయంలో, అంటే మూడు గర్భగుళ్లున్న గుడిలో, ఒక గర్భగుడిలో పగలంతా స్తంభం లాంటి నీడ ఒకేచోట పడుతుంది. సూర్యుడు కదులుతాడు, నీడ కదలదు. ఎనిమిదో తరగతి పిల్లల్ని నలుగురేసి గ్రూపులు చేసి తీసుకెళ్లాం. టేపు, దారం, నోటుబుక్కు, అంతే సామాను.

పోగానే గొడవ. రెండు స్తంభాల మధ్య దూరం ఇద్దరికి రెండు రకాలుగా వచ్చింది. "నీకు టేపు పట్టుడే రాదు" అని ఒకడు. తీరా చూస్తే వాడు అంచు నుంచి అంచుకు కొలిచాడు, రెండోవాడు నడుమ నుంచి నడుమకు. ఏది రాసుకోవాలో తేల్చుకోవడానికి పావుగంట పట్టింది. నేను నోరు కట్టుకుని కూర్చున్నాను, అదే అన్నిటికన్నా కష్టం. స్కేలు, నిష్పత్తి పాఠం బోర్డు మీద చెప్పినప్పుడు ఎవరూ అంత పట్టుదలగా వాదించలేదు.

తర్వాత బడిలో ఆ కొలతలను బట్టి చెప్పుల డబ్బా, చాక్‌పీసులతో గుడి కట్టారు. టార్చి కదిపితే నీడా కదిలింది. అందరి మొహాలూ చిన్నబోయాయి. పేరు పిలిచినా తల వంచుకునే ఒక పాప, డబ్బాకు రెండు పక్కలా కోసిన కిటికీలకు ట్రేసింగ్ పేపర్ అంటించింది. టార్చి ఎటు తిప్పినా నీడ అక్కడే. "సార్, నీడ కదుల్తలేదు!" నేరుగా పడే ఎండ వేరు, చెదిరి లోపలికొచ్చే వెలుగు వేరు అని ఆ తర్వాత రెండు ముక్కల్లో చెప్తే సరిపోయింది.

సోషల్ సార్ ఊరుకుంటారా? ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడులెవరు, పక్కనే ఉదయసముద్రం చెరువు ఎందుకుంది అని అందుకున్నారు. ఇక తెలుగు. గుడిని చూడనివాళ్లకు అర్థమయ్యేలా రాయమన్నాం, దాన్ని వేరే సెక్షన్ పిల్లలకిచ్చి బొమ్మ గీయమన్నాం. నడుమనున్న మండపం వైపు తిరిగి ఉండాల్సిన మూడు గర్భగుళ్లూ దుకాణాల్లా ఒకే వరుసలో వచ్చాయి! మళ్లీ రాశారు, ఈసారి 'ఎదురుగా', 'ఎడమవైపు' అన్నీ పడ్డాయి.

ఎక్కాలు, సంధులు మాత్రం ఇలా రావు. వాటికి కూర్చుని వల్లె వేయాల్సిందే. అందుకే నేను ఏడాదికి ఇలాంటివి రెండే పెట్టుకుంటాను. గ్రూపులో నలుగురికి మించనివ్వను, ఐదోవాడు చేరితే వాడికి పనుండదు.

మీ బాబు ఇంటికొచ్చాక ఏం చేశారని అడిగితే "చార్ట్ చేశాం" అంటాడు. మీ గ్రూపులో దేని మీద గొడవైందని అడిగి చూడండి.