సోషల్ డిజైన్ సీటుకు పోర్ట్‌ఫోలియో ఎలా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీలో సోషియాలజీ, చివరి ఏడాది. సోషల్ డిజైన్‌లో (జనం సమస్యలకు వాళ్లతో కలిసి పరిష్కారాలు రూపొందించే చదువు) పీజీ చేసి, కాలనీలు విపత్తులను తట్టుకునేలా చేసే పనిలోకి వెళ్తానంటోంది. బొమ్మలు వేయడం రాదు. సీటు కోసం చూపాల్సిన పోర్ట్‌ఫోలియో (చేసిన పనుల నమూనాలు) ఎలా? ఉద్యోగాలుంటాయా?

జవాబు: బొమ్మలు రాకపోవడం పెద్ద అడ్డంకి కాదండీ. మనుషుల్ని గమనించడమే ఇందులో ముఖ్యం. ఒక ఉదాహరణ చూడండి. 1995లో షికాగోలో వడగాడ్పులకు 700 మందికి పైగా చనిపోయారు. పేద వృద్ధుల, ఒంటరి వృద్ధుల సంఖ్యలో దాదాపు ఒకేలా ఉన్న రెండు పక్కపక్క పేటల్లో మరణాలకు మాత్రం ఎంతో తేడా. దుకాణాలతో, జనసంచారంతో ఉన్నచోట ఒంటరి వృద్ధులు ధైర్యంగా బయటికొచ్చారు; రెండో పేటలో తలుపులు వేసుకుని ఉండిపోయారు. ఇలాంటి తేడాను పసిగట్టడం సోషియాలజీ వాళ్లకు తెలిసిన పనే.

పోర్ట్‌ఫోలియో కోసం ఒకే వీధి, 40-50 ఇళ్లు, ఒకే ప్రమాదం తీసుకోమనండి. మూడు నెలలు చాలు. 15 మందితో అరగంట చొప్పున మాట్లాడాలి. "వరదొస్తే ఏం చేస్తారు?" అని అడిగితే అందరూ మంచి జవాబే చెబుతారు. "పోయినసారి కరెంటు పోయినప్పుడు మొదట ఎవరి తలుపు తట్టారు?" అని అడగాలి. ఇళ్లను చుక్కలుగా, ఆ సాయాన్ని గీతలుగా గీస్తే, గీతలన్నీ చేరే ఒక ఇల్లు, ఏ గీతా చేరని ఇళ్లు కనిపిస్తాయి. రెండూ బలహీనతలే: మొదటి ఇంట్లో ఎవరూ లేకపోతే అందరికీ సాయం ఆగుతుంది, రెండో రకం ఇళ్లకు సాయమే అందదు. అయితే తను మాట్లాడని ఇంటిని ఒంటరిదని రాసేయకూడదు. అక్కడికి మళ్లీ వెళ్లాలి. పేర్ల బదులు కోడ్‌లు వాడాలి. ఒంటరి వృద్ధుల వివరాలు బయటికి పోతే దొంగలకు దారి చూపినట్టే.

చాలామంది విద్యార్థులు ఇక్కడే పరిష్కారంగా ఓ యాప్ తయారుచేసేస్తారు. అవసరం ఎక్కువున్నవాళ్లే దానిలో ఉండరు. ఎవరు ఎవరికి ఫోన్ చేసి కబురు చెప్పాలో కాగితం మీద రాసుకునే ఫోన్ గొలుసు మేలు: ప్రతి ఇంటికీ ఇద్దరు కబురు చెప్పేవాళ్లు ఉండాలి, ఒకరి ఫోన్ ఆగిపోయినా గొలుసు తెగకూడదు. ఒక ఆదివారం నడిపి చూసి, చివరి ఇంటికి ఎంతసేపట్లో చేరిందో, ఎక్కడ తెగిందో రాసి, సరిదిద్ది మళ్లీ నడపాలి. ఆ రెండు ఫలితాలే పోర్ట్‌ఫోలియోకి ప్రాణం. పది పేజీలు దాటనివ్వకండి. మ్యాపులు గీయడానికి ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే సరిపోతుంది.

ఉద్యోగాలు ఉన్నాయి గానీ "సోషల్ డిజైనర్" పేరుతో తక్కువ. సర్వీస్ డిజైన్ (సేవలను రూపొందించడం), కమ్యూనిటీ ఎంగేజ్‌మెంట్ (స్థానికులను పనిలో కలుపుకోవడం), విపత్తు నిర్వహణ పేర్లతో వెతకాలి. స్వచ్ఛంద సంస్థల్లో చాలావరకు ప్రాజెక్టు ఉన్నంతకాలమే కాంట్రాక్టు. దీనికి ఇంట్లో ముందే సిద్ధపడండి. ఫీజు కట్టేముందు కాలేజీని రెండు సంగతులు అడగండి: ఫీల్డ్‌వర్క్ ఎన్ని వారాలు? విద్యార్థులు వెళ్లిపోయాక ఆ ప్రాజెక్టులను ఎవరు నడుపుతున్నారు?