ప్రెస్ షాపు వద్దు, సేఫ్టీ కోర్సు చేయిద్దామా?

ప్రశ్న: మావాడు తిరుపతిలో మెకానికల్ డిప్లొమా ముగించాడు. శ్రీసిటీలో ఒక కంపెనీ, రేకుల్ని మెషిన్‌తో అదిమి విడిభాగాలు చేసే ప్రెస్ షాపులో ట్రైనీగా రమ్మంటోంది. మా వీధి అబ్బాయికి అలాంటి చోటే రెండు వేళ్లు పోయాయి. అందుకే వద్దన్నాం. అప్పు చేసైనా నెబోష్ అనే సేఫ్టీ కోర్సు చేయించి సేఫ్టీ ఆఫీసర్‌ను చేద్దామనుకుంటున్నాం. గల్ఫ్‌లో ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. అది మేలా, ఏడాది సేఫ్టీ డిప్లొమా మేలా?
– ఒక తండ్రి, పుత్తూరు

జవాబు: అడిగింది కోర్సుల గురించే అయినా మీకు నిద్ర పట్టనివ్వనిది ఆ రెండు వేళ్లు. ముందు వాటి సంగతే చూద్దాం.

ప్రెస్ మీద వేళ్లు ఊరికే పోవు. రెండు చేతులతో రెండు బటన్లు నొక్కితేనే దిగాల్సిన మెషిన్‌కు, పీసులు త్వరగా రావాలని ఒక బటన్‌ను టేపుతో బిగించేస్తారు. చెయ్యి అడ్డొస్తే ఆపేసే లైట్ కర్టెన్‌ను బైపాస్ చేస్తారు. రేకుకు ఆకారమిచ్చే అచ్చు, అంటే డై మార్చేటప్పుడు పై భాగం జారకుండా పెట్టాల్సిన సేఫ్టీ బ్లాకు మూలన పడి ఉంటుంది. క్లచ్, బ్రేకు అరిగిన ప్రెస్ ఒకసారి నొక్కితే రెండుసార్లు దిగుతుంది. మోటారు ఆపినా ఫ్లైవీల్ అనే బరువైన చక్రం కాసేపు తిరుగుతూనే ఉంటుంది.

చేరేముందు మీవాణ్ణి షాపు చూపించమని అడగమనండి. పైన చెప్పినవి గమనించమనండి. రిపేరు చేసేవాడు స్విచ్‌కు ఇంకెవరూ ఆన్ చేయకుండా సొంత తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుంటున్నాడో లేదో చూడమనండి. చూపించడానికి నసిగే కంపెనీ అయితే నేనూ వద్దనే అంటాను. ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ ప్రతి షిఫ్టులో వచ్చి నిలబడడు, మనమే చూసుకోవాలి. ఈఎస్‌ఐ (ప్రభుత్వ కార్మిక బీమా) నంబరు మొదటి రోజే అడగాలి. అప్రెంటిస్ చట్టం కింద తీసుకుంటే ఈఎస్‌ఐ ఉండదు, ప్రమాద పరిహారం యజమానే ఇవ్వాలి. మీ వీధి అబ్బాయికి ఈఎస్‌ఐ ఉందా? ఉంటే మెడికల్ బోర్డు నిర్ణయించిన నష్టశాతాన్ని బట్టి జీవితాంతం నెలనెలా డబ్బు రావాలి. వస్తోందో లేదో కనుక్కోండి. జాలిపడి ఊరుకుంటే ఆ కుటుంబానికి ఒరిగేదేమీ లేదు.

ఇక నెబోష్. బ్రిటన్ సర్టిఫికెట్ అది, గల్ఫ్‌లో అడిగే మాట నిజం. కానీ దాంతోపాటు సైటు అనుభవమూ అడుగుతారు. ఆ మాట చెప్పకుండా ఇరవై ఏళ్ల పిల్లల చేత ఫీజు కట్టించుకోవడమే నాకు మింగుడుపడదు. గ్యారంటీ అన్నవాళ్లను కాగితం మీద రాసివ్వమనండి, తెలుస్తుంది. మన ఫ్యాక్టరీల్లో చట్టబద్ధమైన సేఫ్టీ ఆఫీసర్ పోస్టుకు అది ఒక్కటే చాలదు. ప్రభుత్వం గుర్తించిన ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా కావాలి, కార్మికుల భాష రావాలి, ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌గా చేసి ఉండాలి. సాధారణంగా ఇంజనీరింగ్ డిగ్రీ ఉన్నవాళ్లకు రెండేళ్లు, మీవాడిలా ఇంజనీరింగ్ డిప్లొమా ఉన్నవాళ్లకు ఐదేళ్లు. ఆ అనుభవం ఎక్కణ్ణుంచి వస్తుంది? మీరు వద్దంటున్న ఆ షాపు నుంచే.

పైగా సేఫ్టీ ఆఫీసర్ అంటే ప్రమాదానికి దూరంగా కూర్చునే ఉద్యోగమని మీరు అనుకుంటున్నట్టుంది. కాదండీ! 2018 ఫిబ్రవరిలో పలమనేరు దగ్గర మొరంలో ఒక హేచరీ వ్యర్థాల ట్యాంకులో ఊపిరాడక ఏడుగురు చనిపోయారు. అలాంటి ట్యాంకు దగ్గర నిలబడి, పైన, మధ్యలో, అడుగున గ్యాస్ మీటరుతో చూసి, ఆక్సిజన్ 19.5 శాతం కంటే తగ్గితే ఎవర్నీ దిగనివ్వకూడదు. లోపల ఒకరు పడిపోతే ఊపిరికి గాలి అందించే బ్రీతింగ్ సెట్ లేకుండా రెండోవాడు దూకకుండా ఆపాలి. మేనేజరు తొందరపెట్టినా పని నిలిపేయాలి. భయపడి షాపు వదిలేసినవాడికి ఆ ధైర్యం ఎలా వస్తుంది?

దిగులు పడకండి, ఈ దారికి గిరాకీ ఉంది. పాత ఫ్యాక్టరీల చట్టంలో 1000 మంది ఉన్న ఫ్యాక్టరీకి సేఫ్టీ ఆఫీసర్ తప్పనిసరి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక భద్రతా చట్టం (కోడ్)లో అది 500. ప్రమాదకర ప్రక్రియలుంటే 250 మందికే.

కాబట్టి షాపు బాగుంటే చేరనివ్వండి. సూపర్‌వైజర్ అయ్యాక ఏడాది డిప్లొమా చేయొచ్చు. చెన్నై తరమణిలో కేంద్ర ప్రభుత్వ రీజినల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, తమ ఉద్యోగులను అక్కడికి పంపే కంపెనీలూ ఉన్నాయి. గల్ఫ్ మీద మోజుంటే నెబోష్ అప్పుడు చేసుకోవచ్చు, తన జీతంతోనే.